తెప్ప

కోరమండల్ తీరపు సంప్రదాయ వేట సాధనం. తేలికైన దుంగలను చెక్కి, పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగిస్తారు. పైకెక్కిన నీరు సందుల్లోంచి దిగిపోతుంది కనుక అలల్లో మునగదు. ఒడ్డు చేరాక కట్లు విప్పి దుంగలను ఇసుకలో ఆరబెడతారు. దీని తమిళ పేరు ‘కట్టుమరం’ నుంచే ఇంగ్లీషు ‘కాటమరాన్’ పుట్టింది. పాశ్చాత్యుల జంట పడవకు మాత్రం దీనితో పేరులోనే చుట్టరికం!

ఇంజన్లు బిగించిన ఫైబర్ పడవలు వచ్చాక తెప్పల వాడకం బాగా తగ్గింది. పాత తెప్పను బాగుచేసి స్మారకంగా నిలపడంలో ఒక చిక్కుంది: కట్లు విప్పితే మిగిలేవి దుంగలే. కట్టే పనితనాన్నీ భద్రపరచాలి. విశాఖ తీరంలో కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ప్రదర్శనలో ఉంది. తెప్పకూ అలాంటి చోటు దక్కాలి.