దేవమాతృకమగు ననంతపురసీమ

వ్యవసాయమునుబట్టి దేశము రెండువిధములని పూర్వులు చెప్పిరి. ఏటినీటిచే పైరుపండు దేశము నదీమాతృకము. వాననీటిచే పండునది దేవమాతృకము. అమరకోశమున నీ రెండుపేర్లును గలవు. ఇచట దేవశబ్దమునకు మేఘమని యర్థము. మేఘము తల్లిగా గలది యని బహువ్రీహి; మాతృశబ్దము ఋకారాంతము గాన కప్ప్రత్యయము వచ్చినది. అనంతపురసీమ చరిత్రమంతయు నీ యొక్క పదమునకు వ్యాఖ్యానమని చెప్పవచ్చును. 2022లో శ్రీసత్యసాయిజిల్లా వేఱుపడినను, రెంటిని గలిపియే యిచట ననంతపురసీమ యనుచున్నాను.

నైరృతిమేఘములను బడమటికనుమలు ముందే కురిపించుకొనును. ఈశాన్యవర్షము తూర్పుతీరమున జాలవఱకు దీఱిపోవును. నడుమనున్న యీ పీఠభూమికి ఏడాదికి ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే దక్కును. నేల పెక్కుచోట్ల లోతులేని యెఱ్ఱనేల. తేమను జిరకాలము నిలుపుకొనజాలదు.

అట్టి సీమను గొంతయైనను నదీమాతృకమునకు సాటిగా జేయుటకే పూర్వులు చెరువులు గట్టిరి. మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు 1364లో పండమేటికి కట్ట వేయించెననియు, ఆ కట్ట రెండుకొనలయందు బుక్కరాయసముద్రము, అనంతసాగరము అను నూళ్లు వెలసెననియు, రెండవదియే నేటి యనంతపురమనియు బ్రతీతి.

పొరుగుననున్న కడపసీమలోని పొరుమామిళ్ల చెరువుశాసన మీ విషయమున మిక్కిలి విలువగలది. బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు 1369లో వేయించిన యీ సంస్కృతశాసనమునుబట్టి, వేయిమంది కూలీలు, నూఱుబండ్లు రెండేండ్లు పనిచేయగా నా చెరువు ముగిసినది. తటాకమునకు బండ్రెండు సాధనములును, ఆఱు దోషములును అందు జెప్పబడినవి. కట్టనుండి నీరూరుట, చవుడునేల, రెండురాజ్యముల పొలిమేర యగుట మున్నగువానితోబాటు, నీరు కొంచెమై తడుపవలసిన నేల విస్తారమగుటయు నొక దోషముగా లెక్కింపబడినది. నీటికి దగినట్లు సేద్యము సాగవలయునే కాని, సేద్యము గోరినంత నీరు దొరకదని దీని భావము. అనంతపురసీమను నేడు పీడించుచున్నది యీ దోషమే.

పూర్వమును కఱవులు లేవా యని యడుగవచ్చును. ఉన్నవి. 1876-78 నాటి ధాతకఱవు బళ్లారిమండలమును ఘోరముగా బీడించినది. 1882 వఱకు ననంతపురము దానిలోనిదే. అయినను నాటి రైతు కొఱ్ఱ, సజ్జ, జొన్న, కంది, ఉలవ మున్నగు పలుపైరులు వేసెడివాడు. ఒకటి యెండిన నింకొకటి గింజనిచ్చెడిది. ఇరువదవ శతాబ్దపు రెండవసగమున వేరుసెనగ వానిని ద్రోసివేసి, క్రమముగా సాగునేలలో సగమునకు మించి యాక్రమించినది. దక్షిణామెరికానుండి వచ్చిన యీ మొక్క మెట్టపైరే. కాని యూడలు దిగువేళ వాన తప్పినచో కాయ యూరదు. చెరువులు పూడుచుండగా, గొట్టపుబావులు వందలయడుగుల లోతునకు దిగినవి.

ఇంతలో శీతోష్ణస్థితియు మాఱుచున్నది. 1901-2018 నడుమ భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగినది. వేడి హెచ్చినకొలది నేలతేమ త్వరగా నావిరియగును. వెచ్చనిగాలి యెక్కువ యావిరిని మోయును గాన, పలుదినములు వాన తప్పి, పిదప నొక్కుమ్మడి గురియుటయు హెచ్చును. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురములోని పల్లపువాడలను ముంచినది. కఱవుసీమకు వరదయు దప్పదయ్యెను.

సేద్యమును ఆకాశమును మార్చుచున్నది. లోతునీటిని దోడు మోటారులకు విద్యుత్తు గావలయును; దేశమున విద్యుత్తులో బెద్దపాలు బొగ్గువలన బుట్టునది; బొగ్గుపొగ గాలిని వేడిచేయును; ఆ వేడికి బైరు మఱింత నీరడుగును. నత్రజని యెరువులనుండియు వేడిని బట్టియుంచు వాయువు వెలువడును. ఇది బీజాంకురన్యాయము, ఏది ముందని విచారించుటకంటె, ఎచట ద్రెంపవచ్చునో చూచుట మేలు.

తుంగభద్రా ఎగువకాలువయు, హంద్రీ-నీవా కాలువయు వచ్చినవి గాని, వానికందని మెట్టయే యధికము. అచట వాననీటిని బొలముననే నిలుపుట, చెరువుల పూడిక దీయుట, పలుపైరులను గలిపి వేయుట, ఇవియే శాసనకారుని సూత్రమునకు నేటి వృత్తి. పాఠశాలాపండితులు తమ యూరి చెరువుశాసనములకు బ్రతులెత్తించి, ఏ చెరువుక్రింద నెంత యాయకట్టు, ఏ పైరు నుండెడివో వ్రాసి యుంచినచో, అది చరిత్రకే కాక రైతునకును మేలుచేయును.