ఓడలు బండ్లెక్కిన కథ

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అను సామెతను మన పెద్దలు కలిమిలేముల మార్పునకు చెప్పుదురు. బడిలో నేనును పిల్లల కట్లే బోధించితిని. కాని ఇది వట్టి యుపమానము గాదు. చరిత్రలో అక్షరాల జరిగిన సంగతి.

కర్ణాటకమునుండి దిగివచ్చు మంజీర మా నాగల్‌గిద్ద ప్రాంతమువారికి తెలియనిది గాదు. వేసవిలో ఇసుక, వానకాలమున వెల్లువ: దక్కను నదుల స్వభావ మిది. ఇట్టి నదులకు పుట్టియే తగినది. పూర్వము వెదురుబద్దలను గంపవలె నల్లి, వెలుపల ఎద్దుతోలు బిగించి కుట్టెడివారు. చిన్నపుట్టి నొకడు తలకెత్తుకొని మరియొక రేవునకు పోగలడు.

17వ శతాబ్దిలో గోలకొండ వజ్రపు గనులను చూడవచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ తోలుపడవలను వర్ణించెను. సరకు తడియకుండ అడుగున పుల్లలమోపులు పరతురనియు, బండ్లను రెండు పుట్టుల నడుమ గట్టి దాటింతురనియు వ్రాసెను. ఇచ్చట బండి ఓడ నెక్కినది.

ఓడ నేలపై నడచిన కథయు గలదు. 1453లో తురుష్క సుల్తాను రెండవ మహమ్మదు, కాన్‌స్టాంటినోపిల్ రేవుద్వారమున ఇనుపగొలుసు అడ్డుగా నుండుటచే, క్రొవ్వు పూసిన దుంగలపై తన నావలను కొండమీదుగా లాగించి లోపలి నీట దింపెను. కొలది వారములలో నగరము పడెను.

మన దేశమున 1803లో, పిమ్మట వెల్లింగ్టన్ ప్రభువైన ఆర్థరు వెల్లెస్లీ మరాఠాలపై దండెత్తినప్పుడు, వంతెనపడవలను బండ్లపై బొంబాయినుండి రప్పింప నెంచెను. వానలలో ఆ బండ్లు దారిలోనే చెడెను. అతడు అచ్చటి యడవికొమ్మలతో గంపపడవలు అల్లించి, ఎద్దుతోళ్లు కప్పించి, ఆగస్టులో గోదావరిని దాటెను. సెప్టెంబరు 23న అస్సయే యుద్ధము జరిగెను. దూరపు ఘనత చెడినచోట దగ్గరి నేర్పు గెలిచినది.

ఇంత చెప్పుటకు కారణ మున్నది. కొన్నేండ్ల క్రిందట మా వైపు జాలరు లొక క్రొత్త పడవను ట్రాక్టరు ట్రాలీపై తీసికొని పోవుచుండిరి. ఎండ తగులకుండ తార్పాలిను కప్పి రెండుచోట్ల మాత్రమే త్రాడు వేసిరి. వేగము హెచ్చగా గాలి లోనికి దూరి గుడ్డ తెరచాపవలె నుబ్బెను. త్రాడు తెగి, తార్పాలిను వెనుక సైకిలుపై వచ్చు నా పూర్వశిష్యుని ముఖమున బడెను. అతడు పడిపోయి చేయి విరుగగొట్టుకొనెను. పడవకు గీత యైన పడలేదు.

నాడు పుట్టితోలు నాకు స్ఫురించినది. ఆ కప్పు బద్దలకు అంటుకొని యుండును, గాలికి చోటుండదు. వదులుకప్పు గాలికి వాహన మగును. కావున పడవను బండిపై తీసికొనిపోవువారు కప్పును అంచులన్నిట క్రిందికి లాగి బిగింపవలెను. లేకున్న విప్పి మడచి పడవలోనే అణచి కట్టవలెను. పడవను వేరుగా బండికి బంధింపవలెను. కప్పుత్రాడు పడవను ఆపదు. కొంతదూరము పోయి నిలిచి ముడులు చూచికొనవలెను.

పెద్దలారా, మీ మాట ఊరిలో చెల్లును. తరువాతి పడవ బయలుదేరునప్పుడు మీలో నొకరు లేచి ఆ ముడిని ఒకసారి చేతితో లాగి చూడుడు.