బేక్ చేసిన కాడ్ చేప

బేక్ చేసిన కాడ్ చేప అమెరికాలోని న్యూ ఇంగ్లాండ్ ప్రాంతపు ఇళ్ళలో రాత్రి భోజనానికి వండే ఒక సులభమైన వంటకం. కాడ్ ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రపు చల్లని నీటి చేప. దీని కొవ్వు ఎక్కువగా కాలేయంలో నిల్వ ఉంటుంది. తెలుగువారికి మందుల దుకాణాల ద్వారా పరిచయమైన కాడ్ లివర్ ఆయిల్ దాని నుండి తీసినదే. కండలో కొవ్వు బహుస్వల్పం, అది తెల్లగా ఉంటుంది. వేడి ఎక్కువైతే త్వరగా ఎండి పీచు వలె మారుతుంది. ఈ వంటలోని కష్టమంతా ఇదే.

తయారీ విధానం

ముళ్ళు తీసిన ముక్కల తడిని గుడ్డతో అద్ది, వెన్న రాసిన గాజు పళ్ళెంలో పేర్చి, ఉప్పు, మిరియాల పొడి, నిమ్మరసం చల్లుతారు. తోక వైపు పలుచని భాగం ముందే ఉడికిపోతుంది కనుక దానిని క్రిందికి మడవాలి. కరిగించిన వెన్నలో కలిపిన ఉప్పు బిస్కట్ల పొడిని పైన పరుస్తారు. ముందుగా 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసిన ఓవెన్‌లో, అంగుళం మందం గల ముక్కకు 12 నుండి 15 నిమిషాలు చాలు. కండ పాలవలె తెల్లబడి, ఫోర్కుతో కదిపితే రేకులుగా విడిపోతే ఉడికినట్లు. మసాలాలకు అలవాటుపడినవారికి ఇది చప్పగా తోచవచ్చు.

చేపల కొరత

బోస్టన్‌లోని మసాచుసెట్స్ శాసనసభా భవనంలో కర్రతో చెక్కిన కాడ్ బొమ్మ వేలాడుతూ ఉంటుంది. ఆ ప్రాంత జీవనంలో ఈ చేపకు అంతటి స్థానం ఉంది. అయితే మితిమీరిన వేట వలన కాడ్ సంఖ్య బాగా తగ్గింది. 1992లో కెనడా న్యూఫౌండ్లాండ్ తీరంలో కాడ్ వాణిజ్య వేటను ఆపివేసింది; ఆ నిషేధం 2024లో ముగిసింది. న్యూ ఇంగ్లాండ్‌లో కాడ్‌కు బదులు హాడాక్ అనే చేపను కూడా ఇదే పద్ధతిలో వండుతారు.