మా చరిత్రలో ఆటకూ ఒక పేజీ

ఆర్మూరు చరిత్ర చెప్పమంటే ఎవరైనా నవనాథ సిద్ధుల గుట్టతో మొదలుపెడతారు. ఆ తర్వాత పసుపు, ఎర్రజొన్న, అంకాపూర్ విత్తనాలు, గల్ఫ్ వలస. ఈ వరుసలో ఆటకూ ఒక పేజీ ఉండాలి. మన పసుపు అమ్ముడుపోయే నిజామాబాద్‌లోనే, కలెక్టరేట్ మైదానంలో పరుగుతో మొదలైన ఆడపిల్ల బాక్సింగ్‌లో ప్రపంచ విజేత అయింది. ఆమే నిఖత్ జరీన్.

1996లో పుట్టిన నిఖత్ నలుగురు అక్కచెల్లెళ్లలో మూడో బిడ్డ. తండ్రి జమీల్ అహ్మద్ గారు ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవారు, సౌదీలో ఏళ్ల తరబడి పనిచేసినవారు. గల్ఫ్ బతుకు మన ఇళ్లకు కొత్త కాదు. ఆయన బిడ్డను మొదట 100, 200 మీటర్ల పరుగులో పెట్టారు. మైదానంలో అన్ని ఆటల్లోనూ అమ్మాయిలుండి, బాక్సింగ్‌లో మాత్రం లేకపోవడం చూసి ఎందుకని ఆ పిల్ల తండ్రిని అడిగింది. ఆ ప్రశ్నే ఆమెను కోచ్ శంసముద్దీన్ గారి దగ్గరికి చేర్చింది. మగపిల్లలతోనే తలపడి నేర్చుకుంది.

2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. హైదరాబాద్ ఏవీ కాలేజీలో డిగ్రీకి చేరింది. 2017లో యూనివర్సిటీల పోటీలోనే భుజం జారింది. ఆపరేషన్ అయ్యింది, ఏడాదిపాటు రింగ్‌కు దూరమైంది. చివరికి 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్‌ను 5-0తో ఓడించి సీనియర్ ప్రపంచ విజేతగా నిలిచింది. మధ్యలో పదకొండేళ్లు. జూన్‌లో విత్తిన పసుపును సంక్రాంతి దాటాక తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టాకే యార్డుకు తోలే రైతుకు ఆ ఓపిక విలువ చెప్పక్కర్లేదు.

అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఢిల్లీలో రెండో ప్రపంచ టైటిల్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆమెను ఓడించిన చైనా బాక్సర్ వు యు చివరికి స్వర్ణమే గెలిచింది. ఆట బతుకుదెరువునూ ఇచ్చింది. 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం, 2024లో తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ హోదా.

ఆమె ఒక్కతే కాదు. మన జిల్లా బిడ్డ గుగులోత్ సౌమ్య కూడా పరుగుతోనే మొదలై ఫుట్‌బాల్‌కు మారి, భారత జట్టుకు ఆడింది. పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది.

ఈ పిల్లల్లో ఎవరూ తమ ఆటేదో పుట్టుకతో తెలుసుకోలేదు. నాలుగు ఆటలు ఒకేచోట కనబడితేనే ఏది తనదో పిల్లకు తెలుస్తుంది. అందుకే ఆర్మూరు బడుల్లో, కాలేజీల్లో అన్ని ఆటలకూ చోటుండాలి. పదో తరగతి కాగానే ఆడపిల్లను మైదానం నుంచి ఇంటికి పిలిచే అలవాటు మానాలి. నిఖత్ అడిగినట్టు మన పిల్ల కూడా ఎందుకని అడిగితే, జమీల్ గారిలా వెంట నడవడం మన వంతు.