ట్యాంకుకు మందు ఎంత? పోలవరం రైతులకు మోతాదు లెక్క

మందు కలిపేటప్పుడు సీసా మూతతో కొలవడం చాలామందికి అలవాటు. "ట్యాంకుకు రెండు మూతలు పోయండి" అని దుకాణంలో చెప్తారు, మనం పోస్తాం. ఆ మూతలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో, మన ట్యాంకు 10 లీటర్లదో, 16 లీటర్లదో, 20 లీటర్లదో ఎవరూ అడగరు. మోతాదు తగ్గితే తెగులు ఆగదు, డబ్బు పోతుంది. పెరిగితే ఆకు మాడుతుంది. పైగా వరిలో సాలీళ్ల వంటి మిత్ర పురుగులు చచ్చి దోమపోటు ఇంకా ఎక్కువవుతుంది.

ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. మందు మోతాదు ఎకరానికి, ట్యాంకుకు కాదు. "లీటరు నీటికి 2 మి.లీ." అని చెప్పినప్పుడు, ఎకరానికి 200 లీటర్ల నీరు కొడతారని అనుకుని చెప్పిన మాట అది. ఉదాహరణకు వరిలో పాము పొడ తెగులుకు హెక్సాకొనజోల్ 5% మందు లీటరుకు 2 మి.లీ. అంటే ఎకరానికి 400 మి.లీ. 16 లీటర్ల ట్యాంకుతో కొడితే ఎకరానికి పన్నెండున్నర ట్యాంకులు పడాలి, ట్యాంకుకు 32 మి.లీ. వెయ్యాలి.

కానీ తైవాన్ పంపుతో కొట్టేవాళ్లు చాలాసార్లు ఎనిమిది ట్యాంకులతోనే ఎకరం ముగిస్తారు. అప్పుడు కూడా 32 మి.లీ. చొప్పునే వేస్తే చేలో పడేది 256 మి.లీ. మాత్రమే. మూడో వంతుకు పైగా తగ్గిపోయింది! తర్వాత "మందు నకిలీది" అంటాం. 400ని ఎనిమిదితో భాగించి ట్యాంకుకు 50 మి.లీ. వేసుకోవాలి.

మీ పంపుకు ఎన్ని ట్యాంకులు పడతాయో మందు కొనకముందే చూసుకోండి. చేలో 5 సెంట్లు కొలిచి గుర్తు పెట్టండి. ట్యాంకులో 10 లీటర్ల మంచినీళ్లు పోసి, రోజూ నడిచే నడకతోనే ఆ 5 సెంట్లు తడపండి. మిగిలిన నీళ్లు కొలవండి. 3.6 లీటర్లు మిగిలితే ఖర్చయింది 6.4 లీటర్లు. ఎకరం అంటే 5 సెంట్లకు 20 రెట్లు కాబట్టి 128 లీటర్లు, అంటే సరిగ్గా ఎనిమిది ట్యాంకులు. మనిషి మారినా, నాజిల్ మారినా మళ్లీ చూసుకోవాలి.

డ్రోన్‌తో కొట్టించేటప్పుడు ఎకరానికి సుమారు 10 లీటర్ల నీరే పడుతుంది. అక్కడ లీటరుకు 2 మి.లీ. లెక్క వేస్తే ఎకరానికి 20 మి.లీ. పడి ఏ పనీ జరగదు. ఎకరం మోతాదే చూడాలి. ఆ మందుకు డ్రోన్ అనుమతి ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో అడగండి.

ఇక సీసా మీది శాతం. ఒకే మందు రెండు బలాల్లో దొరుకుతుంది. క్లోరిపైరిఫాస్ 20% ఉంది, 50% ఉంది. 20% మందు లీటరుకు 2.5 మి.లీ. వేస్తే ద్రావణం 0.05% అవుతుంది. పక్క రైతు చెప్పాడని అదే 2.5 మి.లీ. 50% మందు వేస్తే రెండున్నర రెట్లు బలం పడుతుంది. లెక్క ఇది: కావలసిన శాతాన్ని నీటి మిల్లీలీటర్లతో గుణించి, సీసా మీది శాతంతో భాగించాలి. 16 లీటర్లకు 0.05 × 16000 ÷ 20 = 40 మి.లీ. 50% మందైతే 16 మి.లీ. చాలు. ఏ మందైనా మీ పంట పేరు లేబుల్ మీద ఉంటేనే వాడాలి.

యూరియా, బోర్డో మిశ్రమం లెక్క ఇంకా తేలిక. 1% అంటే లీటరుకు 10 గ్రాములు. 2% యూరియాకు 16 లీటర్ల ట్యాంకుకు 320 గ్రాములు. కోకో కాయకుళ్లుకు, కొబ్బరి మొవ్వుకుళ్లుకు వాడే 1% బోర్డో మిశ్రమానికి 100 లీటర్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం కావాలి. రెంటినీ ప్లాస్టిక్ డ్రమ్ముల్లో చెరో 50 లీటర్లలో విడిగా కరిగించి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలో పోయాలి. శుభ్రమైన ఇనుప కత్తిని ముంచి చూడండి. ఎర్రగా రాగి పూత పట్టితే ఇంకొంచెం సున్నం కలపండి. కలిపిన రోజే కొట్టెయ్యాలి.

వరద రోజుల్లో గోదావరి ఎర్రనీటితో మందు కలపకండి. కొన్ని కలుపు మందులు ఆ మట్టికి అంటుకుని బలం కోల్పోతాయి, నాజిళ్లు కూడా పూడిపోతాయి. బోరు నీళ్లు వాడండి, లేదా నీళ్లు తేరుకునేదాకా ఆగండి.