రాయవేలూరులో మొలిచిన కనుబొమలు

వేలి కింద నాడి కొట్టుకుంటోంది.

చెవికి కాస్త ముందు, కణత దగ్గర. డాక్టరు చూపుడువేలు అక్కణ్ణుంచి మెల్లగా పైకి జరిగింది. ఆగింది. నాడి ఉంది. ఇంకాస్త పైకి. ఉంది. వేలు నడిచిన దారి వెంట సిరా గుర్తులు పడుతున్నాయి. బల్ల మీది కుర్రాడు ఊపిరి బిగబట్టాడు. బయట వేలూరు ఎండ రేకులు కాలుస్తోంది, లోపల స్పిరిట్ వాసన. ఆ గుర్తుల కిందే ఉంది నెత్తురు గొట్టం. కత్తి ఒక్క వెంట్రుకవాసి పక్కకు పోతే అది తెగుతుంది.

1950ల నాటి మాట. ఊరు వేలూరు, ఆస్పత్రి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ, డాక్టరు పాల్ బ్రాండ్. కుర్రాడి పేరు ఏదైనా ఒకటే. ఆ వరండాలో వరస కట్టిన వాళ్లందరి కథా ఇదే. సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని వైపు ఊళ్లలో ఊరి వైద్యం చేతులెత్తేస్తే పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది: “ఇంగ మా వల్ల కాదప్పా, రాయవేలూరు తీసకపోండి.” వేలూరునే రాయవేలూరు అంటారు. 1953 దాకా ఆ ఊళ్లూ వేలూరూ ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి.

విచిత్రం ఏంటంటే, ఈ కుర్రాడికి జబ్బు లేదు.

ఉండేది. కుష్టు. డాప్సోన్ మాత్రలు ఏళ్ల తరబడి మింగాడు. చర్మం గీరి పరీక్ష చేస్తే సూక్ష్మజీవి జాడ లేదు. కొంకర్లు పోయిన వేళ్లను బ్రాండే కోసి, కండరం తాళ్లు మార్చి, సాపు చేశాడు. గిన్నె పట్టుకోగలడు, సుత్తి పట్టుకోగలడు. ఇంకేం కావాలి? పని వెతుక్కుంటూ వెళ్లాడు. అంగడి యజమాని చేతులు చూశాడు. బాగున్నాయి. తల ఎత్తి ముఖం చూశాడు. కళ్ల పైన బోడిగా, నున్నగా నుదురు.

“పనేం లేదు. పోపో.”

అప్పట్లో ఆ ముఖం చూస్తే ఎవరికైనా తెలిసిపోయేది. పని దొరకదు, గది దొరకదు, పిల్లనిచ్చేవాడు దొరకడు. 1898 నాటి చట్టమైతే ఈ జబ్బున్న బిచ్చగాళ్లను వారంటు లేకుండా పట్టుకుపొమ్మంది. దాన్ని పూర్తిగా ఎత్తేసింది 2016లో. బాగుపడ్డ చేతులు చాచితే ఇప్పుడు బిచ్చం కూడా రాలడం లేదని ఒక రోగి బ్రాండ్ ముందే మొరపెట్టుకున్నాడు. డాక్టరు దగ్గర జవాబు లేదు.

ఆయనేం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. 1914లో కొల్లి కొండల్లో మిషనరీల ఇంట పుట్టాడు. డాక్టరు కాకముందు ఇంగ్లండులో కొన్నేళ్లు తాపీ పనీ, వడ్రంగమూ నేర్చాడు. 1946లో వేలూరు చేరాడు. మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్టు ఆశ్రమంలో ఒక రోగి వంకర చేతిలో తన చెయ్యి పెట్టి, గట్టిగా నొక్కమన్నాడు. నొక్కాడు. బ్రాండ్‌కి ప్రాణం పోయినంత పనైంది. రోగి నవ్వుతూ చూస్తున్నాడు. తనెంత గట్టిగా నొక్కుతున్నాడో అతనికి తెలియనే తెలియదు! కండ చావలేదని ఆ నొప్పితో డాక్టరుకి అర్థమైంది. అక్కణ్ణుంచి మొదలైంది చేతుల మరమ్మతు.

ఇప్పుడు ముఖం వంతు.

ఈ సూక్ష్మజీవికి చల్లదనం కావాలి. 27 నుంచి 33 డిగ్రీల మధ్య హాయిగా పెరుగుతుంది. అందుకే ముక్కు, చెవి తమ్మెలు, వేళ్లు, కనుబొమలు వెతుక్కుంటుంది. కనుబొమ బయటి కొస ముందు పలచబడుతుంది, తర్వాత మొత్తం రాలిపోతుంది. మందు వేసినా తిరిగి రాదు. కానీ నెత్తి వెచ్చగా ఉంటుంది. అక్కడికి అది దాదాపు రాదు. కనుబొమలు లేని ఆ కుర్రాడి తల నిండా ఒత్తుగా నల్లటి జుట్టు.

“కదలొద్దు నాయనా.”

మత్తు సూది పడింది. కత్తి కదిలింది. కణత పైన కనుబొమ ఆకారంలో జుట్టుతో సహా చర్మం ముక్కను మూడు వైపులా విడదీసి, నాలుగో వైపు దానికి ప్రాణం పోస్తున్న ధమనినీ సిరనూ చుట్టూ ఉన్న కొవ్వుతో పాటే చెవి దాకా ఒలిచి, నుదుటి చర్మం కింద చెవి నుంచి కనుబొమ చోటి దాకా సన్నటి సొరంగం తొలిచి, లంగా నడుము మడతలో నాడా ఎక్కించినట్టు ఆ ముక్కను నెత్తురు గొట్టాలతో సహా లోపల్నుంచి మెల్లమెల్లగా లాగి, వెంట్రుకలు కణత వైపు వాలేలా తిప్పి పెట్టి, కుట్లు వేశారు. నెత్తి మీద కోస్తే నెత్తురు ఎంత కారుతుందో తెలిసిందే. గుడ్డలు తడుస్తున్నాయి, మారుస్తున్నారు. సొరంగంలో ఆ గొట్టాలు మెలిక పడ్డాయా, ముక్క నల్లబడి చచ్చిపోతుంది.

కట్టు కట్టారు. ఇక చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఇలాంటి ప్రయత్నమే కొన్నేళ్ల ముందు జపాన్‌లో షోజి ఒకుడా అనే చర్మవైద్యుడు ఇంకో దారిలో చేశాడు. గుండ్రటి చిన్న గొట్టపు కత్తితో 2 నుంచి 4 మిల్లీమీటర్ల బిళ్లలుగా జుట్టున్న చర్మాన్ని తీసి, కాలిన మచ్చల మీద నాటాడు. తల, కనుబొమ, మీసం, ఏదీ వదల్లేదు. 200 మందికి చేసి 1939లో జపనీస్‌లో అచ్చేశాడు. ఆ ఏడే యుద్ధం మొదలైంది. పడమటి దేశాలకు ఆ కాగితాలు చేరనే లేదు. 1952లో న్యూయార్క్‌లో నార్మన్ ఓరెంట్రైక్ అదే పనిని బట్టతల మీద మొదలుపెట్టాడు. తల వెనక జుట్టును ఎక్కడ నాటినా తన గుణం తనదేనని, బట్టతల పాలు కాదని 1959లో అచ్చులో నిరూపించాడు. ఇవాళ మీసం పలచనైన కుర్రాడు హైదరాబాద్ వెళ్లి కూర్చుంటే, మిల్లీమీటరు కూడా లేని గొట్టంతో ఒక్కో కుదురునూ తీసి నాటేది ఆ సూత్రం మీదే. కుదుళ్లు విడిగా నాటితే పాత వెంట్రుక వారాల్లోనే రాలి, కొత్తది మొలవడానికి నెలలు పడుతుంది. బ్రాండ్ ముక్క అలా కాదు. తన నెత్తురు తనే వెంట తెచ్చుకుంది. బతికితే ఆగకుండా పెరుగుతుంది.

బతికిందా?

కట్టు విప్పుతున్నారు. పొర మీద పొర. ఆఖరి గుడ్డ నెత్తురుకి అతుక్కుపోయింది. ఉప్పునీళ్లతో తడిపి, చిన్నగా లేపారు. డాక్టరు వంగి చూశాడు. వేలితో ఒత్తి వదిలాడు. తెల్లబడ్డ చర్మం మళ్లీ ఎర్రబడింది.

“అద్దం తెండి.”

వాచిన నుదురు. కుట్ల దారాలు. వాటి మధ్య నల్లగా, పొట్టిగా, వాలుగా ఒక కనుబొమ. కుర్రాడు మాట్లాడలేదు. చాలాసేపు అద్దం వదల్లేదు. రెండో వైపు ఎప్పుడు చేస్తారని అడిగాడు.

1951 నుంచి కాలేజీ ఆవరణలోనే మట్టిగోడల గుడిసెలతో నవజీవన కేంద్రం నడుస్తూండేది. ఆపరేషను అయినవాళ్లు అక్కడ వడ్రంగం నేర్చుకుంటూ చెక్క బొమ్మలు చేసేవాళ్లు. ఈ కుర్రాడికీ ఒక ఉలి ఇచ్చారు. నెల గడిచింది. నెత్తి జుట్టుకి తను ఇప్పుడు కనుబొమనని ఏం తెలుసు? నెలకో సెంటీమీటరు చొప్పున పెరుగుతూనే పోయింది. కళ్ల మీదికి వాలింది. ముసలి మునీశ్వరుడి బొమలంత గుబురైంది.

ఆపరేషనుకు ముందే చెప్పి ఉంచారు, కత్తిరించుకుంటూ ఉండాలని. ఎవరు విన్నారు? వార్డులో ఒకర్ని మించి ఒకరు పెంచారు. బ్రాండ్ కత్తెర పట్టుకుని వచ్చాడు.

కుర్రాడు రెండు చేతులతో కనుబొమలు మూసుకున్నాడు.

“వద్దు దొరా. ఊరికి పోయొచ్చినాక కత్తిరించుకుంటా. మా వాళ్లు చూడాల.”