జాన్ స్టూవర్ట్ మిల్

జాన్ స్టూవర్ట్ మిల్ (మే 20, 1806 - మే 7, 1873) విక్టోరియా యుగానికి చెందిన ఆంగ్ల ఆర్థికవేత్త, నీతితత్వవేత్త. వ్యక్తిస్వేచ్ఛను గట్టిగా సమర్థించిన ఇతడు 1823 నుండి 1858 వరకు ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో ఉద్యోగి. భారతదేశానికి పంపవలసిన ఉత్తరువుల చిత్తుప్రతులు వ్రాయడం ఇతని పని. ఈ దేశాన్ని ఎన్నడూ చూడలేదు.

జీవితం

తండ్రి జేమ్స్ మిల్ ఇతనిని బడికి పంపక ఇంటివద్దనే చదివించాడు. మూడవ యేట గ్రీకు, ఎనిమిదవ యేట లాటిన్ ఆరంభమయ్యాయి. ఇరవయ్యవ యేట తీవ్రమైన మానసిక క్రుంగుబాటుకు లోనై, తరువాత కవిత్వ పఠనం వలన ఊరట పొందాడు. 1851లో హేరియట్ టేలర్‌ను వివాహమాడాడు. 1865-68 మధ్య పార్లమెంటు సభ్యునిగా ఉండి, 1867లో స్త్రీలకు ఓటుహక్కు కోరుతూ సవరణ ప్రతిపాదించాడు, అది వీగిపోయింది.

భావాలు

అత్యధికులకు అత్యధిక సుఖం కలిగించేదే మంచి పని అనే ఉపయోగితావాదాన్ని బెంథాం నుండి గ్రహించాడు. అయితే సుఖాలన్నీ ఒక్క స్థాయివి కావనీ, బుద్ధికి చెందిన సుఖం ఉన్నతమైనదనీ సవరించాడు. ఇతరులకు హాని కలిగినప్పుడు మాత్రమే వ్యక్తిని సమాజం నిర్బంధించవచ్చునన్నది 1859 నాటి స్వేచ్ఛా గ్రంథ సారాంశం. అదే గ్రంథంలో, ఈ సూత్రం 'వెనుకబడిన' సమాజాలకు వర్తించదనీ, వాటి మేలు కోరే నిరంకుశ పాలన న్యాయమేననీ కూడ వ్రాశాడు. కంపెనీ ఉద్యోగి కలం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది.

భూమి, నీరు: గోదావరి మండలం

సంపద ఉత్పత్తికి ప్రకృతి నియమాలున్నా, దాని పంపిణీ మానవ నిర్ణయమేనని 1848 నాటి అర్థశాస్త్ర గ్రంథంలో వాదించాడు. సాగుచేసే రైతుకే భూమిపై హక్కు ఉండాలన్నది ఇతని అభిమతం. శిస్తు వసూలుదారులను భూస్వాములుగా మార్చిన కారన్‌వాలీసు శాశ్వత పైసలా పద్ధతిని తప్పుబట్టాడు. 1802 శాసనంతో ఆ పద్ధతి ఉత్తర సర్కారులకు, అంటే ఏలూరు ప్రాంతానికి కూడ వచ్చింది. బకాయిలు పడిన జమీలు అనేకం తరువాత వేలానికి వచ్చాయి.

1858లో కంపెనీ రద్దును ఎదుర్కొంటూ, దాని పాలనను సమర్థించే నివేదికను మిల్లే రచించాడు. అందులో ఉదహరించిన నీటిపారుదల పనులలో గోదావరి ఆనకట్ట ఒకటి. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847-52 మధ్య ధవళేశ్వరం వద్ద నిర్మించిన ఆ ఆనకట్ట నీరే తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు కాలువలో పారేది. డెల్టా మురుగునీటిలో కొంత కొల్లేరు చేరుతుంది.

కంపెనీ రద్దయిన పిమ్మట ఏర్పడిన భారత కౌన్సిల్‌లో సభ్యత్వాన్ని మిల్ నిరాకరించాడు. ఫ్రాన్సులోని అవిన్యాన్‌లో మరణించగా, భార్య సమాధిలోనే ఖననం చేశారు.